స్కూల్ సైకాలజిస్ట్ పని ఎలా చేయాలి: బడి తెరిచిన రోజు నుంచి రిజల్ట్స్ రోజు దాకా

నేను ఉండేది హనుమకొండలో. వారానికి మూడు బళ్లకు వెళ్తాను. ఒకటి ఊళ్లోనే ఉన్న ప్రైవేటు బడి, ఒకటి పరకాల వైపు జిల్లా పరిషత్ హైస్కూలు, ఇంకొకటి ములుగు దాటాక వచ్చే ఆడపిల్లల హాస్టల్ బడి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగేది "పిల్లలతో ఏం మాట్లాడాలి మేడం" అని. అది మెల్లగా వస్తుంది. మంగళవారం వస్తానని చెప్పి మంగళవారం వెళ్లడం మాత్రం మొదటి వారం నుంచే రావాలి. పిల్లలు మన డిగ్రీ చూడరు, చెప్పిన రోజున బస్సు దిగామా లేదా అన్నదే చూస్తారు, ఒక్కసారి తప్పితే ఏమవుతుందిలే అని మనం అనుకుంటాం గానీ ఆ ఒక్క రోజు కోసమే ఒక పిల్ల రాత్రంతా ధైర్యం కూడగట్టుకుని వచ్చి ఉండొచ్చు.

మన దగ్గర చాలా బళ్లలో స్కూల్ సైకాలజిస్ట్ అనే పేరుతో పోస్టు ఉండదు. కౌన్సెలర్ అంటారు, లేదా కాస్త ఓపికున్న టీచరే ఆ పనీ చూస్తుంటారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇస్తూ 100 మంది, అంతకంటే ఎక్కువ మంది చదివే విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒక్కరైనా ఉండాలని చెప్పింది. విశాఖపట్నంలో కోచింగ్‌కి వెళ్లిన 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో వచ్చిన తీర్పు అది. మీ మేనేజ్‌మెంట్ "మన బడికి ఇవన్నీ ఎందుకు" అంటే ఆ తీర్పు ప్రింటు తీసి చేతిలో పెట్టండి.

మొదటి అడుగు: కూర్చునే చోటు, హెడ్‌మాస్టర్‌తో ఒప్పందం

నా మొదటి రోజు గుర్తుంది. హెడ్‌మాస్టర్ గారు మంచి మనిషే, సాయం చేద్దామనే అనుకున్నారు, అయిదుగురు పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టి "వీళ్లే మేడం మన బడిలో అసలు సమస్య" అన్నారు. బడి మొత్తం చూస్తోంది. ఆ అయిదుగురూ నాతో ఏడాదంతా ఒక్క ముక్క మాట్లాడలేదు. అప్పటి నుంచి ఏ బడికి వెళ్లినా మొదటి రెండు వారాలు ఎవరినీ ఒంటరిగా పిలవను. ఆరు నుంచి పది దాకా ప్రతి క్లాసుకీ వెళ్లి ఒక పీరియడ్ తీసుకుంటాను. కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఏమవుతుంది, పరీక్ష ముందు కడుపులో ఎందుకు తిప్పుతుంది, నిద్ర ఎన్ని గంటలు కావాలి, ఇలాంటివి. ఇందులో పేరు పెట్టి పిలవడం ఉండదు, ఎవరి మీదా ముద్ర పడదు. మూడో వారానికి వాళ్లే వస్తారు.

ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు క్లాసులోనే లేచి అడిగాడు, "మీరు పిచ్చోళ్ల డాక్టరా మేడం?" అందరూ నవ్వారు. "కాదు బిడ్డా, పరేషాన్‌ల ఉన్నోళ్లతోని కూసోని మాట్లాడేదాన్ని" అన్నాను. సాయంత్రం బస్టాప్ దగ్గర ముందుగా వచ్చి నిలబడింది వాడే.

గది గురించి ఒక మాట. బయటికి మాట వినపడకూడదు, కానీ మనిషి కనపడాలి. కిటికీ తెరిచి, తలుపు ఓరగా వేసి కూర్చోండి. స్టాఫ్‌రూమ్‌లో మూల కుర్చీ ఇస్తే ఒప్పుకోకండి, అక్కడ ఏ పిల్లా నోరు విప్పదు. గది లేకపోతే వేపచెట్టు కింద గద్దె నయం. హెడ్‌మాస్టర్‌తో ముందే మూడు మాటలు తేల్చుకోండి. పిల్లలు చెప్పిందంతా మీకు చెప్పను, ప్రాణం మీదికి వచ్చేదైతే ఆ నిమిషమే చెప్తాను. నన్ను శిక్షగా వాడొద్దు, "అల్లరి చేస్తే మేడం దగ్గరికి పంపుతా" అనొద్దు. బడిలో కొట్టడం ఉంటే నేను చూడనట్టు ఊరుకోను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది, ఆ రెండోది చాలామంది టీచర్లకు తెలియదు.

రెండో అడుగు: అటెండెన్స్ రిజిస్టర్ చదవండి

పరీక్షలూ, ప్రశ్నావళులూ తర్వాత. ముందు రిజిస్టర్ అడిగి తీసుకోండి. గైర్హాజరు గీతల్ని అడ్డంగా కాకుండా నిలువుగా, రోజుల వారీగా చూడండి. పత్తి ఏరే కాలంలో, మళ్లీ మిర్చి కోతలప్పుడు ఏ ఇళ్ల పిల్లలు మాయమవుతారో కనిపిస్తుంది. సెలవుల తర్వాత హాస్టల్‌కి వారం ఆలస్యంగా వచ్చేవాళ్లు కనిపిస్తారు. ఒక బడిలో ఏడో తరగతి పిల్ల ప్రతి గురువారం లేదు. టీచర్లు "చదువు మీద ధ్యాస లేదు" అన్నారు. గురువారం ఆ ఊళ్లో అంగడి, తల్లి కూరగాయల గంప పట్టుకుని పోతే రెండేళ్ల తమ్ముణ్ణి చూసుకునేది ఈ పిల్లే. దీనికి కౌన్సెలింగ్ ఏం చేస్తుంది చెప్పండి? అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడి పిల్లాణ్ణి అక్కడ కూర్చోబెట్టే ఏర్పాటు చేశాం, పిల్ల బడికి వచ్చింది. మన పనిలో ఇలాంటివే ఎక్కువ.

మూడో అడుగు: రహస్యం గురించి ముందే చెప్పడం

పిల్ల కూర్చోగానే, తను ఏదీ చెప్పకముందే, ఈ మాట అనాలి. నేను అనేది ఇలా ఉంటుంది: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటది. మూడు సంగతులు మాత్రం దాచను. నీకు నువ్వు ఏమన్న చేసుకోవాలనుకుంటే, నిన్ను ఎవరన్న ఏమన్న చేస్తుంటే, నువ్వు ఇంకొకళ్లను ఏమన్న చేద్దామనుకుంటే. అప్పుడు కూడా నీకు చెప్పకుండ ఎవరికీ చెప్పను." చెప్పాక "నేనేమన్నా, ఒకసారి నువ్వు చెప్పు" అని తిరిగి అడగండి. ముందు చెప్పకుండా తర్వాత పోలీసు దాకా పోతే ఆ పిల్ల జన్మలో ఇంకో పెద్దమనిషిని నమ్మదు.

నోట్‌బుక్‌లో పేరు రాయొద్దు, ఒక నంబరు ఇచ్చుకోండి. తాళం వేసిన చోట పెట్టండి. పిల్ల చెప్పిన ముఖ్యమైన మాటల్ని ఆ పిల్ల మాటల్లోనే రాయండి. "డిప్రెషన్ ఉంది", "ఏడీహెచ్‌డీ" (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని మీ అంతట మీరు రాసేయకండి, అది నిర్ధారించాల్సింది సైకియాట్రిస్టు, లేదా ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు. ప్రతి పేజీ అడుగున ఒక్కటి తప్పకుండా ఉండాలి: మళ్లీ ఎప్పుడు కలుస్తున్నాం.

నాలుగో అడుగు: చదవలేకపోవడం వెనక ఏముందో విడదీయడం

టీచర్లు మన దగ్గరికి ఎక్కువగా పంపేది "చదువు రాని" పిల్లల్నే. ఇక్కడ తొందరపడితే చాలా నష్టం, అందుకే ఇది కొంచెం వివరంగా చెప్తాను.

కళ్లు, చెవులు ముందు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ నేను రెండు నెలలు "శ్రద్ధ లేదు" అనుకుని పనిచేసిన పిల్లకి ఎడమ చెవి వినపడదని తర్వాత తెలిసింది, ఆ రెండు నెలలకు నేనే బాధ్యురాలిని. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ కార్యక్రమం) బృందాలు ఏడాదికోసారి సర్కారు బళ్లకు వస్తాయి, పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ 18 ఏళ్ల లోపు పిల్లల్లో చూస్తాయి. ఆ రోజు మీరు బడిలో ఉండండి, మీ జాబితా వాళ్ల చేతికి ఇవ్వండి.

తర్వాత మీడియం. 2022-23 నుంచి మన సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు పేజీ చదవలేని పిల్లాడు తెలుగు పేజీ గడగడా చదివేస్తే వాడికి నేర్చుకోవడంలో లోపం లేదు, భాష ఇంకా రాలేదు, అంతే. రెండింట్లోనూ తడబడితే అప్పుడు దగ్గరగా చూడాలి.

దగ్గరగా చూడడమంటే వాడి నోట్‌బుక్ తెరవడం. ఒక అయిదో తరగతి బాబు పుస్తకం నా కళ్ల ముందే ఉంది. "అమ్మ" అని రాయమంటే "అమ". "పుస్తకం" అంటే "పుసకం". "చెట్టు" మూడు వరసల్లో మూడు రకాలుగా. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక మూడుచోట్లా చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడింది. అదే బాబుని "వానలు ఎందుకు పడతాయి" అని నోటితో అడిగితే టీచర్ చెప్పినదానికంటే బాగా చెప్పాడు. నోటికి వచ్చినదానికీ, చేతికి వచ్చినదానికీ మధ్య ఇంత దూరం ఉండి, అది ఏళ్ల తరబడి అలాగే ఉంటే, డిస్లెక్సియా లాంటిదేమో అని పంపాలి. పరీక్ష చేసేవాళ్లు బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల ఎస్‌ఎల్‌డీ బ్యాటరీ, అంటే నేర్చుకోవడంలో లోపాల్ని చూసే పరీక్షల సెట్టు, వాడతారు, తెలివితేటలు కూడా విడిగా చూస్తారు. సర్టిఫికెట్ సాధారణంగా 8 ఏళ్లు నిండాకే ఇస్తారు, కానీ సాయానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. నేర్చుకోవడంలో లోపాలు, ఆటిజం కూడా అందులో ఉన్నాయి. దీని అర్థం ఏంటంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి అనేవి ఎవరో దయతో ఇచ్చేవి కావు. పదో తరగతి వాళ్లకైతే నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా) పంపేటప్పుడే హెడ్‌మాస్టర్ ద్వారా అడగాలి, మార్చిలో గుర్తొస్తే లాభం లేదు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లాల్సి ఉంటే దసరా లోపే పూర్తి చేయించండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి రిసోర్స్ టీచర్లకు ఈ దారులన్నీ తెలుసు, వాళ్లతో స్నేహం చేయండి.

క్లాసులో ఏం మార్చాలో టీచర్‌కి ఒక చిన్న చీటీ మీద రాసివ్వండి, పెద్ద రిపోర్టు ఎవరూ చదవరు. ఆ డిస్లెక్సియా బాబు చీటీలో నాలుగే ఉన్నాయి: అందరి ముందు పైకి చదివించొద్దు, ప్రశ్న మీరు చదివి వినిపించండి, బోర్డు మీది సగం రాస్తే చాలు, తెలిసింది నోటితో చెప్పనివ్వండి. కుదురుగా కూర్చోలేని పిల్లలకు పని ముక్కలు చేసి ఇవ్వడం, మధ్యలో చాక్‌పీస్ తెమ్మని పంపడం, బోర్డుకి దగ్గరగా, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడం. ఫిట్స్ వచ్చే పిల్ల ఉంటే, వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏదీ పెట్టకూడదనీ, తాళాలు చేతిలో పెట్టడం వల్ల ఏమీ కాదనీ టీచర్లందరికీ చేసి చూపించండి, అయిదు నిమిషాలు దాటితే 108.

ఆటిజం ఉన్న ఒక బాబు రోజూ మధ్యాహ్న భోజనం వేళకి చెవులు మూసుకుని టాయిలెట్ల వెనక దాక్కునేవాడు. అన్నం మానేస్తున్నాడని వంటమ్మ బాధపడేది. ఒకరోజు నేనూ ఆ వరసలో నిలబడ్డాను. రెండు వందల స్టీలు పళ్లాలు గచ్చు మీద, కుళాయి దగ్గర, ఒకదాని మీద ఒకటి. నాకే తల పగిలింది. మర్నాటి నుంచి వాడికి పది నిమిషాలు ముందే పెట్టడం మొదలుపెట్టింది వంటమ్మ. ఒక మాత్ర లేదు, ఒక సెషన్ లేదు, వాడు తింటున్నాడు.

అయిదో అడుగు: ఇంటి భాష, ఇంటి పరిస్థితి

మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఏటూరునాగారం వైపు గూడేల్లో కోయ. హాస్టల్లో ఆరో తరగతిలో చేరిన ఒక అమ్మాయి నెలన్నర నోరు తెరవలేదు, "మూగదేమో, మందబుద్ధేమో" అనేదాకా పోయింది. వంటగదిలో పనిచేసే ఆయాది అదే తండా. రాత్రి ఆయా దగ్గర కూర్చుని ఆ పిల్ల గంటసేపు కబుర్లు చెప్తుందని తెలిశాక మేం ఎంత సిగ్గుపడ్డామో. అలాంటి పిల్లకి తెలుగులో తెలివితేటల పరీక్ష పెట్టి అంకె రాస్తే ఆ అంకె జీవితాంతం వెంటాడుతుంది. ముందు భాష తెలిసిన పెద్ద మనిషి ఒకరు, అదే తండా నుంచి పై క్లాసులో ఉన్న అక్క ఒకరు, ఈ ఇద్దర్నీ జత చేయండి.

జగిత్యాల, నిజామాబాద్ వైపు పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి ఎదురవుతుంది. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, తల్లి బీడీలు చేస్తుంది, లేదా పిల్లలు తాత దగ్గర. తండ్రి వచ్చి నెల ఉండి వెళ్లిపోయాక వారం రోజులు ఆ పిల్లాడు ఎవరితోనో ఒకరితో కొట్లాడతాడు. దాన్ని క్రమశిక్షణ సమస్యగా రాసుకోకండి. తండ్రి ఎప్పుడు వస్తున్నాడో, ఎప్పుడు వెళ్తున్నాడో తేదీలు రాసుకోండి, ఆ వారం మీరే ముందుగా వెళ్లి పలకరించండి. అప్పుల వల్ల నాన్న పోయిన ఇళ్ల పిల్లల విషయంలోనూ అంతే, సంవత్సరీకం తేదీ మీ నోట్‌బుక్‌లో ఉండాలి.

ఆరో అడుగు: బడిలో ఏడిపించడం

ఒకటే చెప్తాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదర్చకండి. ఊళ్లో పంచాయతీ అలవాటు మనకి, "చేతులు కలపండి, అయిపోయింది" అంటాం, బయటికి వెళ్లాక దెబ్బ రెట్టింపవుతుంది. విడివిడిగా మాట్లాడండి, చూస్తూ ఊరుకున్నవాళ్లతో మూడోసారి మాట్లాడండి, ఎక్కడ జరుగుతోందో, అంటే బస్సులోనా, బాత్‌రూమ్ దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనా, అది కనుక్కుని ఆ చోట ఒక పెద్దమనిషిని పెట్టండి. కులం పేరుతో తిట్టడం, రంగు మీద పేర్లు పెట్టడం "పిల్లల సరదా" అని ఎవరన్నా అంటే అక్కడే ఆపండి.

ఏడో అడుగు: ఎవరైనా తాకారని చెప్పినప్పుడు

ఇక్కడ మీ చేతులు వణుకుతాయి, నాకు ఇప్పటికీ వణుకుతాయి. అందుకే ముందే నేర్చుకుని ఉండాలి.

నమ్మండి. "నిజమేనా", "అప్పుడే ఎందుకు చెప్పలేదు", "నువ్వెందుకు వెళ్లావు", ఈ మూడూ నోటి నుంచి రాకూడదు. "చెప్పి మంచి పని చేసినవ్, ఇందులో నీ తప్పు లేదు" అనండి. వివరాలు తవ్వకండి. ఎవరు, ఎప్పుడు, ఇప్పుడు ఆ మనిషి దగ్గరలో ఉన్నాడా, ఇంతవరకు చాలు, మిగతాది విచారణ చేసేవాళ్ల పని, నలుగురు నాలుగుసార్లు అడిగితే పిల్ల నాలుగుసార్లు నలిగిపోతుంది.

పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు. "బడి పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అని ఒకచోట నాతో అన్నారు, ఆ గదిలోంచి బయటికి వచ్చి ఫోన్ చేశాను. తర్వాత ఆ బడికి నన్ను పిలవలేదు. పిల్ల బాగుంది.

స్టేషన్ అంటే భయపడే తల్లిదండ్రులకు ఇవి చెప్పండి: వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు, రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు, ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి, పేరు, ఫొటో, బడి పేరు ఎక్కడా బయటికి రాకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. బాధితులైన ఆడవాళ్లకు, పిల్లలకు సాయం చేసే భరోసా, సఖి కేంద్రాల్లో ఆసరా దొరుకుతుంది. బాల్య వివాహం కుదిరిందని పిల్ల చెప్పినా అదే 1098. పదో తరగతి పరీక్షలు అయిన వారం నుంచి ఈ ఫోన్లు ఎక్కువ, కాబట్టి వేసవిలో మీ ఫోన్ స్విచాఫ్ చేయకండి.

ఎనిమిదో అడుగు: చచ్చిపోవాలనిపిస్తోందని అన్నప్పుడు, అనకపోయినా

నేరుగా అడగండి. "చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినప్పుడు చాలామంది పిల్లలు ఊపిరి వదులుతారు, హమ్మయ్య ఎవరో అడిగారు అన్నట్టు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ఉన్నట్టుండి మౌనం, ఉన్నట్టుండి ప్రశాంతం, నిద్ర పట్టకపోవడం, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాటలు, ఇవి టీచర్లు, హాస్టల్ వార్డెన్లు, వంటమ్మలు అందరికీ తెలియాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలని ఆ సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలని కూడా చెప్పింది. టాపర్స్ సెక్షన్ నడిపే బళ్లకు వెళ్లేవాళ్లు ఇది పైకి చదివి వినిపించాలి.

అవునని చెప్పిన పిల్లని ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు. టాయిలెట్‌కి కూడా తోడు. పిల్లకి చెప్పి తల్లిదండ్రుల్ని పిలిపించండి. వాళ్లు రాగానే "బుద్ధి చెప్తా" అని చేయెత్తుతారు కొందరు, అది కోపం కాదు భయం, ముందు వాళ్లని విడిగా కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి. తర్వాత నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "ఇంట్ల పురుగుల మందు ఎక్కడ పెడతరు?" పత్తి, మిర్చి వేసే ఇళ్లలో ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ రాత్రే అది ఇంట్లోంచి పోవాలి, తాళం వేసిన పెట్టెలోకో, పాలివాళ్ల ఇంటికో. మాత్రల డబ్బాలు కూడా. ఆ పోటు గంటల్లో చల్లారుతుంది చాలాసార్లు, ఆ గంటల్లో చేతికందకుండా ఉంటే పిల్ల మనకి దక్కుతుంది.

పిల్లతో కలిసి ఒక కాగితం రాయండి, రాత పిల్లదే ఉండాలి. ఒక పదో తరగతి అమ్మాయి, తన అనుమతితోనే చెప్తున్నాను, ఇలా రాసింది: "గుండె దడ వస్తే బోరింగ్ కాడికి పోయి మొహం కడుక్కుంట. తగ్గకపోతే చిన్నమ్మకు ఫోన్ చేస్త. చిన్నమ్మ ఎత్తకపోతే నానమ్మ పక్కన పోయి పండుకుంట. అయినా కాకపోతే 14416. మంగళవారం మేడం వస్తది." ఆ చివరి వాక్యం చదివినప్పుడు నాకు ఈ పని అంటే ఏమిటో అర్థమైంది.

14416 టెలీమానస్, 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా. ఈ నంబరు పెద్ద అక్షరాలతో గోడ మీద ఉండాలి. డాక్టర్ దగ్గరికి పంపేటప్పుడు "ఎంజీఎంకి (వరంగల్ పెద్దాసుపత్రికి) పోండి" అని వదిలేస్తే పోరు. ఏ రోజు, పొద్దున ఓపీకి ఎన్నింటికి చేరాలి, చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ఏ విభాగం, ఇవన్నీ కాగితం మీద రాసివ్వండి, ఆధార్ తెచ్చుకోమని చెప్పండి, ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి తల్లీ కూతుళ్లకు ఛార్జీల బాధ ఉండదు. ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్‌లలోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, దగ్గరిది చూడండి. మొదటిసారి నేను వెంట వెళ్తాను. పోలీసు కేసు అవుతుందేమో అని భయపడితే, 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెప్తుందని వివరించండి.

ఒకవేళ బడిలో ఒక పిల్ల పోతే, ప్రార్థన సమావేశంలో మైకులో చెప్పకండి. దగ్గరి స్నేహితులకు ముందు, విడిగా. తర్వాత క్లాసు క్లాసుకీ వాళ్ల టీచరే చెప్పాలి. ఎలా పోయిందన్న వివరం వద్దు, పెద్ద ఫ్లెక్సీలు వద్దు, పుకార్లు ఆపండి, ఆ పిల్ల కూర్చున్న బెంచీని మర్నాడే తీసేయకండి. ఆ క్లాసుకి నెల రోజులు వారం వారం వెళ్లండి.

తొమ్మిదో అడుగు: తల్లిదండ్రులు

ఫిర్యాదుతో పిలవకండి. మొదటి ఫోన్ మంచి మాట కోసం చేయండి, "మీ బాబు ఇయ్యాల బొమ్మ బాగ గీసిండు" అని. బడి నుంచి అలాంటి ఫోన్ వాళ్లకి ఎప్పుడూ వచ్చి ఉండదు. కూలి పోగొట్టుకుని పగటిపూట రాలేరు, సాయంత్రం వాళ్ల ఇంటి అరుగు మీద పది నిమిషాలు చాలు. బతుకమ్మ రోజుల్లో ఊరంతా ఒకచోట ఉంటుంది, తల్లులతో మాట కలపడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకలేదు.

పదో అడుగు: రిజల్ట్స్ రోజు

పరీక్షలు అయిపోయాక మన పని అయిపోయిందనుకుంటారు. ఏడాదంతటిలో నాకు టెన్షన్ పెట్టే రోజు ఇదే. మార్చి నెలాఖరుకే ఒక జాబితా తయారు చేసుకుంటాను. ఫెయిలయ్యేవాళ్ల జాబితా కాదిది. ఇంట్లో చాలా ఆశలు పెట్టుకున్నవాళ్లు, చాలా మార్కులు వస్తాయనుకుని కొంచెం తగ్గినా తట్టుకోలేనివాళ్లు, అన్నతో పోల్చబడేవాళ్లు, నిరుడు చచ్చిపోవాలనుందన్న మాట ఒక్కసారన్నా అన్నవాళ్లు, బడి దాటి ఇంటర్‌లోకి వెళ్లినా నన్ను మర్చిపోనివాళ్లు. ఒక్కొక్క పేరు పక్కన మూడు నంబర్లు: ఇంటిది, పిల్ల నమ్మే ఇంకో పెద్దవాళ్లది, పక్కింటిది. ఈ నంబర్లు ముందే తీసుకోవాలి, ఆ రోజు వెతుక్కోవడం కాదు.

ముందురోజు సాయంత్రం తల్లిదండ్రులకు ఫోన్: రేపు పొలానికి ఇద్దరూ పోకండి, ఒకరు ఇంట్లో ఉండండి, రిజల్ట్ పిల్ల ఒక్కతే ఫోన్లో చూసుకోకుండా పక్కన కూర్చోండి, ఏం వచ్చినా ముందు అన్నం పెట్టండి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, ఏడాది పోదు. రిజల్ట్ వచ్చిన గంటలోపు జాబితాలో మొదటి పేరుతో మొదలుపెడతాను. "ఎన్ని వచ్చినయ్" అని అడగను. "ఏం చేస్తున్నవ్, తిన్నవా, పక్కన ఎవరున్నరు" అని అడుగుతాను. ఎత్తకపోతే రెండో నంబరు, అదీ ఎత్తకపోతే పక్కింటిది, అదీ కాకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు చేసి "ఒక్కసారి ఇంటిదాకా పోయి చూసి నాకు చెప్పమ్మా" అంటాను, ఆమె చెప్పేదాకా ఆ పేరు పక్కన టిక్ పెట్టను.